అడుగు మన్ను

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. వికారాబాద్‌లోనే. గాలి సోకిందని వచ్చినవాళ్లకు మలేరియా ఉందనీ, దిష్టి తగిలిందని వచ్చినవాళ్లకు రక్తం తక్కువుందనీ కాగితం మీద చూపించినదాన్ని. దయ్యాలంటే నాకు భయం లేదు సరికదా, భయపడేవాళ్లంటే కాస్త చులకన కూడా. పీర్లకు మొక్కుకుని తాయెత్తు కట్టించుకొచ్చిన పక్కింటావిడను ఎన్నిసార్లు ఆటపట్టించానో లెక్కలేదు. ఇప్పుడు రాయబోయేది చదివితే ఆవిడ నన్ను వదలదు. వదలకపోయినా ఫరవాలేదు.

మూడేళ్ల కిందటి సంగతి ఇది. మా ఇల్లు ఊరి చివర కొత్త కాలనీలో ఉంది. మా ఆయన తాండూరులో బండలు పాలిష్ చేసే కార్ఖానాలో సూపర్‌వైజర్. పొద్దున రైలెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో నేను, మా లాస్య, మా అత్తమ్మ. లాస్యకు అప్పుడు ఆరేళ్లు.

అత్తమ్మ గురించి కొంచెం చెప్పాలి. వాళ్లది మర్పల్లి దగ్గర పల్లె, గొర్లకాపర్ల ఇల్లు. యాభై ఏళ్లు మంద వెంట తిరిగిన మనిషి. మోకాళ్లు మొరాయించాక గొర్లను అమ్మేసి మా దగ్గరికి వచ్చింది. చదువు లేదు గానీ నేల మీద పడ్డ అడుగు చూస్తే ఎవరిదో చెప్పేస్తుంది. పాలవాడు వచ్చి పోయాడా, గ్యాస్ అతను వచ్చాడా అన్నీ వాకిట్లో మట్టి చూసే చెప్తుంది. ఒకసారి నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి, "మీ చెల్లె వచ్చి, తాళం చూసి మర్లిపోయింది. నీళ్లోసుకున్నట్టుంది, మడిమె మీద బరువేసి నడిచింది" అంది. నేను నవ్వాను. వారం తిరక్కుండా మా చెల్లెలు గర్భం పరీక్షకు మా ల్యాబ్‌కే వచ్చింది, సూది గుచ్చింది నేనే. అత్తమ్మకు సూది కూడా అవసరం లేకపోయింది.

అందుకని ఈ విషయంలో మాత్రం ఆమె మాట మీద నాకు గురి ఉండేది. మిగతావన్నీ పాతకాలపు నమ్మకాలని కొట్టిపారేసేదాన్ని.

మా కాలనీకి పది నిమిషాల నడకలో ఒక పార్కు ఉంది. చెరువు పక్కన కట్టారు. ముందువైపు తాండూరు బండలు పరిచిన నడక దారి, బెంచీలు, పిల్లల ఉయ్యాలలు. వెనకవైపు చెరువు నీళ్లు పారి ఎప్పుడూ తడిగా ఉండే చిత్తడి నేల, అందులో మనిషెత్తు జమ్ము. ఆ జమ్ము మధ్యలోంచి మట్టి కట్ట మీద సన్నటి బాట ఒకటి వేశారు, పక్షులను చూడటానికి. కొంచెం దూరం పోయాక బాట మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర అటూ ఇటూ జమ్ము తప్ప ఏమీ కనబడదు.

నాకు షుగరు అంచుల్లో ఉందని డాక్టరు నడవమన్నాడు. దసరా సెలవులు కావడంతో లాస్య కూడా వస్తానంది. పిల్ల ఎక్కడుంటే అత్తమ్మ అక్కడ. అలా ముగ్గురం పొద్దున ఆరింటికల్లా బయల్దేరేవాళ్లం. మట్టి బాట రాగానే అత్తమ్మ చెప్పులు విడిచి చేత పట్టుకునేది. ఆమెను చూసి లాస్యా విడిచేది.

ఒకరోజు మేం వెళ్లేసరికి వాచ్‌మన్ అప్పుడే గేటు తెరుస్తున్నాడు. తెల్లవారుజామున పెద్ద వాన కురిసి ఆగింది. మట్టి బాట అలికిన గోడలా నున్నగా ఉంది. దాని మీద చిన్న అడుగులు ముందుకు పోతున్నాయి. చెప్పుల్లేని కాళ్లు.

"లాస్యా, ముందుగాల ఉరికినవా?" అంది అత్తమ్మ వంగి చూస్తూ.

లాస్య నా చెయ్యి పట్టుకునే ఉంది. కాళ్లకు చెప్పులు కూడా ఉన్నాయి.

మా పిల్లకు ఎడమ కాలి చిటికెనవేలు పుట్టుకతోనే పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది. ఆ అడుగుల్లోనూ అలాగే ఉంది. పిల్ల చెప్పు విప్పించి పక్కనే కాలు పెట్టించాను. వేళ్లకు వేళ్లు సరిపోయాయి. నాకు ఆ క్షణంలో భయం వేయలేదు, తమాషాగా అనిపించింది. నిన్నటివి అయ్యుంటాయిలే అన్నాను.

"నిన్నటియి వానకు కొట్టుకపోవా? వాన బందైనంక పడ్డయి గివి" అంది అత్తమ్మ.

మలుపు దాకా పోయి చూశాం. అడుగులు బాట దిగి జమ్ములోకి పోయాయి. తిరిగి వచ్చిన అడుగులు లేవు. లోపల ఎవరైనా పిల్ల ఉందేమోనని వాచ్‌మన్‌ను పిలిచి కేకలు వేయించాను. అతను కర్రతో జమ్ము కదిపి చూశాడు. నీటికోడి ఒకటి ఎగిరిపోయింది, అంతే. ఆరోజు ఊళ్లో పిల్లలెవరూ తప్పిపోలేదు, సాయంత్రం కూడా వెళ్లి కనుక్కున్నాను.

ఆ రాత్రి నుంచే లాస్యకు జ్వరం పట్టుకుంది. నేనే రక్తం తీశాను. మలేరియా లేదు, డెంగీ లేదు, టైఫాయిడ్ లేదు. కణాలన్నీ ఉండాల్సినన్ని ఉన్నాయి. డాక్టరు వైరల్ అన్నాడు. మందులు వేస్తే దిగడం, గంటకు మళ్లీ ఎక్కడం. మూడు రోజులకు పిల్ల మంచానికి అంటుకుపోయింది.

అత్తమ్మ తన లెక్కలో తాను పోయింది. పిల్ల ఆ మలుపు దగ్గర జడుసుకుందనీ, సగం పిల్ల అక్కడే నిలబడిపోయిందనీ ఆమె ఉద్దేశం. గొర్లకాపర్లలో ఒక పద్ధతి ఉందట. మందలోంచి ఒక గొర్రె తప్పిపోతే, దాని ఆఖరి గిట్ట పడ్డ చోట మన్ను తీసి, గొంగడి చెంగున కట్టుకొచ్చి దొడ్డి మూతి దగ్గర పెడతారు. తప్పిపోయిన గొర్రె ఆ మన్ను వెంట దానంతటదే ఇల్లు చేరుతుంది. "మన్ను ఎటుపోతే అది అటే వస్తది" అంది.

నాలుగోరోజు పొద్దున చెప్పకుండా పార్కుకు పోయి, మలుపు దగ్గరి అడుగు మన్ను కొంగున కట్టుకొచ్చింది. చిన్న మట్టి మూకుట్లో పోసి గడప లోపలి పక్కన పెట్టింది. నేను చూసి గట్టిగానే అన్నాను, ఇల్లంతా బురద చేస్తున్నావని.

మధ్యాహ్నానికి జ్వరం దిగింది. సాయంత్రానికి లాస్య లేచి కూర్చుని పప్పన్నం అడిగింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. వైరల్ జ్వరాలు నాలుగో రోజుకు దిగుతాయని నాకు తెలుసు. అయినా మూకుడు తీసేయమని నోరు రాలేదు. అత్తమ్మకు ఇష్టమని ఆమె టీలో అల్లం దంచి వేసి ఇచ్చాను. నా ఓటమిని నేను అలా ఒప్పుకున్నాను.

సెలవులు అయిపోయి బడి మొదలైంది. అత్తమ్మ ఎవరిదో పెళ్లికని మర్పల్లి వెళ్లింది, నాలుగు రోజులకు గానీ రానంది. పిల్లను బడికి పంపాక వెళ్లి, అది తిరిగొచ్చేలోపు వచ్చేసేలా నేను మధ్యాహ్నం డ్యూటీ అడిగి తీసుకున్నాను.

మొదటి రోజు పిల్లను బడి బస్సు ఎక్కించి ఇల్లు తుడిచాను. మా ఇంట్లో నేలంతా తాండూరు బండలే, తడి మీద చిన్న మరక పడినా తెలిసిపోతుంది. బకెట్ పారబోసి వచ్చేసరికి గడప నుంచి పడకగది దాకా బురద అడుగులు. చిన్నవి. ఎడమ కాలి చిటికెనవేలు పక్కవేలి మీద ఉంది. నేరుగా లాస్య మంచం దాకా పోయి ఆగాయి. చెరువు బురద వాసన వేసింది.

బడికి ఫోన్ చేశాను. లాస్య క్లాసులో ఉందన్నారు. నమ్మకం కుదరక పిల్లతో మాట్లాడించమన్నాను. "ఏంది మమ్మీ?" అంది చిరాకుగా. ఏం లేదని పెట్టేశాను.

ఆ అడుగులకు ఫోటో తీశాను. ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఎవరికి చూపించినా "మీ పాప అడుగులే కదా" అంటారు. అవును, మా పాప అడుగులే. ఆ సాక్ష్యం ఎందుకూ పనికిరాకుండా పోయింది అందుకే.

మా ఆయనకు ఫోన్‌లో చెప్తే, పొద్దున పిల్ల తొక్కి ఉంటుంది, నువ్వు సరిగా తుడవలేదు అన్నాడు. మగవాళ్లకు ఇల్లు తుడవడం గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రెండో రోజూ అడుగులు వచ్చాయి. మూడో రోజూ వచ్చాయి. లోపలికి రావడమే గానీ బయటికి పోయిన అడుగు ఒక్కటీ లేదు. లాస్య మాత్రం మంచం అంచున ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టింది. నడిమికి జరగమంటే "జాగ లేదు" అంది నిద్రలోనే.

నాలుగో రోజు పొద్దున జరిగింది చెప్తాను.

ఏడున్నరకు గ్లాసులో పాలు పోసి బెల్లం కలిపాను. లాస్య వంటింట్లో పీట మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది. పెదవి మీద పాల చార మిగిలితే నా కొంగుతో తుడిచాను. నన్ను చూసి నవ్వింది. గ్లాసు కడిగి బోర్లించాను. వెనక్కి తిరిగేసరికి పీట ఖాళీగా ఉంది.

అంతలో పడకగదిలోంచి లాస్య కళ్లు నులుముకుంటూ వచ్చింది. జుట్టంతా రేగి, రాత్రి బట్టల్లో.

"మమ్మీ, పాలు?" అంది.

"ఇప్పుడే తాగినవ్ కదమ్మా."

"నేనిప్పుడే లేచిన. నాకు పాలు పొయ్యలే నువ్వు."

పీట చుట్టూ నేల తడిగా ఉంది. నా కొంగు అంచు వాసన చూశాను. పాల వాసన కాదు, జమ్ము బురద వాసన. నేను తుడిచింది ఏ మూతినో నాకు తెలియదు. కానీ తుడిచేటప్పుడు నా మనసుకు ఏ అనుమానమూ రాలేదు. తొమ్మిది నెలలు మోసిన పిల్లను తల్లి గుర్తుపట్టలేదా అని మీరు అడగొచ్చు. నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆ రోజు పిల్లను బడికి పంపలేదు, డ్యూటీకి పోలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. ఇంట్లోకి పోవడానికి కాళ్లు రాలేదు. మధ్యాహ్నం అత్తమ్మ బస్సు దిగి వచ్చింది. గడప దాటి రెండడుగులు వేసి, నేల చూసి, ఉన్నచోటే చతికిలబడింది. ఎండిన అడుగు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"మడిమె లేదు" అంది. "గీ అడుగుల మడిమెనే లేదు. మన పిల్ల మడిమె గుద్ది నడుస్తది. గీడ అంత మునివేళ్ల మీదనే నడిచింది."

"మరి ఆనాడు పార్కుల..."

"ఏలు చూసిన గాని నడక చూడలే. చెవు మీది గుర్తు చూసి, పరాయోళ్ల గొర్రెను మన దొడ్డికి దోలుకొచ్చిన." ఆమె నెత్తి కొట్టుకుంది. "యాభై ఏండ్లల్ల గిట్ల ఎన్నడు మోసపోలే. పిల్ల పరేషాన్‌ల కండ్లు కానరాలే నాకు."

నేను పాల సంగతి చెప్పాను. అప్పుడు చూశాను అత్తమ్మ ముఖంలో భయం. తోడేళ్ల కథలు నవ్వుతూ చెప్పే మనిషి ఆమె.

"పాలు వోసినవా?" అంది. "గొర్రె ఒక్కసారి పాలు తాగనిచ్చిందంటే అది దాని పిల్లే. అసలు పిల్ల దగ్గరికొస్తె తలతోని కొడ్తది."

సాయంత్రం దాకా కూడా ఆగలేదు. మన్ను తెచ్చిన చోటే పోసి రావాలంటూ మూకుడు కొంగు కింద పెట్టుకుని లేచింది. నాకు మూడు మాటలు చెప్పింది. పిల్లను ఎత్తుకోవాలి, మళ్లీ ఇల్లు చేరేదాకా దాని కాలు నేలకు తగలొద్దు. దారిలో నోరు విప్పొద్దు, మన్నును వదిలి, పాలు పోసిన మనిషి గొంతు వెంటే అది తిరిగొస్తుంది కాబట్టి. ఎవరు పిలిచినా పలకొద్దు. ల్యాబ్ టెక్నీషియన్‌ను, అన్నిటికీ తలూపాను.

పార్కుకు చేరేసరికి మూడు దాటింది. మబ్బు పట్టి ఉంది. మామూలు రోజే. బండల దారి మీద ఇద్దరు పెద్దమనుషులు రిటైర్మెంట్ కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు. ఉయ్యాల దగ్గర ఒక తల్లి పిల్లాడికి అన్నం తినిపిస్తోంది. వాళ్లను చూసి కొంచెం ధైర్యం వచ్చింది. మట్టి బాట ఎక్కాక ఆ ధైర్యం పోయింది.

ముందు అత్తమ్మ, వెనక నేను. లాస్య నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. పిల్ల ఊపిరి నా మెడకు తగులుతోంది. జమ్ములో గాలి లేదు. కొంచెం దూరం పోయాక నా వెనక తడి మట్టిలో అడుగుల చప్పుడు వినిపించింది. చిన్న అడుగులు. నేను ఆగితే ఆగుతున్నాయి.

మలుపు ఇంకో ఇరవై అడుగులుందనగా వెనక నుంచి మాట వచ్చింది.

"మమ్మీ, కాళ్లు నొస్తున్నయ్. నన్నెత్తుకో."

లాస్య గొంతే. అచ్చంగా. అలిసిపోయినప్పుడు ముక్కుతో సాగదీసి అనే తీరు కూడా అదే. నా భుజం మీద లాస్య కదల్లేదు. నేను పలకలేదు. అది మళ్లీ అడిగింది. మూడోసారి ఏడుపు గొంతుతో అడిగింది. నా కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. పళ్లు బిగబట్టి అత్తమ్మ వీపునే చూస్తూ నడిచాను.

మలుపు దగ్గర అత్తమ్మ మూకుట్లో మన్ను జమ్ములోకి విసిరింది. గొర్లను అదిలించే కేక ఒకటి వేసింది. అలాంటి కేక ఆమె నోట నేను అంతకుముందు వినలేదు, చెరువు అవతలి ఒడ్డు నుంచి తిరిగి వినబడింది. అదే క్షణంలో నా చేతుల్లో బరువు పోయింది. పిల్ల కనబడుతూనే ఉంది, నా చేతులు పట్టుకునే ఉన్నాయి, కానీ బరువు లేదు. దూది మూట పట్టుకున్నట్టు. రెండు అడుగులు అలా వేశాను. మూడో అడుగుకు బరువు తిరిగి వచ్చింది. లాస్య ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

వెనక చప్పుడు లేదు. తిరిగి వచ్చేటప్పుడు బాట చూశాను. నా చెప్పుల గుర్తుల పక్కనే చిన్న కాళ్ల గుర్తులు మలుపు దాకా వచ్చి జమ్ములోకి పోయాయి. అత్తమ్మ వాటిని చూడకుండా నడిచింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ వాకిట్లో బండ మీద నీళ్లు చల్లి, పిల్లను దాని మీద నడిపించమంది. లాస్య నాలుగడుగులు వేసి లోపలికి పరుగెత్తింది. అత్తమ్మ వంగి ఆ తడి గుర్తులు చూసింది. చాలాసేపు చూసింది. గుర్తులు ఆరిపోయేదాకా చూసింది.

"మనదే" అంది చివరికి. "లోపల్కి పో."

ఆ తర్వాత మా ఇంట్లో అడుగులు పడలేదు. ఏ విచిత్రమూ జరగలేదు. లాస్య బాగా తింటుంది, బాగా చదువుతుంది. బ్లడ్ గ్రూపు మళ్లీ చూశాను, అదే. చూసినందుకు సిగ్గుపడ్డాను కూడా.

ఒక్కటే తేడా. అత్తమ్మ మర్నాడు బజారుకు పోయి పిల్లకు నాలుగు జతల సాక్సులు కొనుక్కొచ్చింది. ఇంట్లో కూడా వేసుకొమ్మంటుంది. బండలు చల్లగుంటాయట. అప్పటి నుంచి ఆమె ఎవరి అడుగూ చూడదు, ఎవరు వచ్చి పోయారో చెప్పదు. లాస్య స్నానం చేసి తడి కాళ్లతో వస్తుంటే లేచి అవతలికి పోతుంది.

పోయినేడు ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఆనాడు వాకిట్ల ఏం చూసినవ్ అత్తమ్మా? నిజం చెప్పు."

ఆమె జొన్నలు చెరుగుతోంది. చాట ఆపింది గానీ తల ఎత్తలేదు.

"తల్లి రానిచ్చినదే మంద పిల్ల" అంది. "నువ్వు పాలు వోస్తున్నవ్, అది తాగుతున్నది. ఇగ అడగకు."

నేను మళ్లీ అడగలేదు. నిద్ర చాలక నేనే భ్రమపడ్డానని అనుకోవాలని ఎంతో ప్రయత్నించాను, ఆ గొంతు అనుకోనివ్వదు. మట్టి బాట మీద నా వెనక నడుస్తూ మూడుసార్లు ఎత్తుకొమ్మని అడిగిన పిల్ల ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, నేను ఎత్తుకోలేదు.